లోపల ఎవరూ లేరు

మా చెల్లికి అనుమానం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం మెట్లు దిగాక మళ్లీ ఎక్కి వస్తుంది. మావారు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటూ, భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని పని చేసుకుంటోంది. ఊరి చివర కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర పనివాళ్లు వస్తూ పోతూ కార్డు తాకిస్తే కంప్యూటర్లో పేరు ఎక్కుతుంది. ఆ ప్రోగ్రాం రాసింది తనే.

ఆ మధ్యాహ్నం అక్కడ అమ్మోనియా లీకైంది. మేనేజరు ఫోన్‌లో అరుస్తున్నాడు. "లోపల ఎవరైనా మిగిలారా? త్వరగా చెప్పమ్మా! ఉంటేనే ఫైరువాళ్లు లోపలికి వెళతారట."

లోపలికి వెళ్లిన పేర్లు ఒక సెట్టు, బయటికి వచ్చిన పేర్లు ఇంకో సెట్టు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలినవాళ్లు లోపల చిక్కుకున్నట్టు. చెల్లి వేళ్లు చకచకా ఆడాయి. ఏమీ మిగల్లేదు.

"ఎవరూ లేరు సార్," అంది.

అంతలో కింది వాటా ఆవిడ రొప్పుతూ పైకి వచ్చింది. ఆమె భర్త అక్కడే పెట్టెలు మోస్తాడు.

"మా ఆయన ఫోన్ ఎత్తట్లేదక్కా!"

"వచ్చేశాడు వదినా. ఇదిగో, బయటికొచ్చినవాళ్లలో పేరుంది," అంది చెల్లి.

"ఆ పేరు అక్కడ ఇద్దరికుంది! మా ఆయన్ని పొట్టోడంటారు, ఇంకొకణ్ని పొడుగోడంటారు. ఆ పొడుగోడే ఫోన్ చేసి, మీ ఆయన ఇంటికొచ్చాడా అని నన్నడుగుతున్నాడు!"

చెల్లి తెర మీద ఆ పేరు దగ్గర వేలు పెట్టింది. "అక్కా, సెట్టులో ఒక పేరు ఒక్కసారే ఉంటుంది. ఇద్దరు వెళ్లినా దానికి ఒక్కడే. ఒకాయన బయటికి రాగానే ఇద్దరూ వచ్చేసినట్టే."

పేర్లు వదిలేసి, ఎవరిది వాళ్లకే ఉండే కార్డు నంబర్లతో అదే తీసివేత మళ్లీ చేసింది. ఒక నంబరు మిగిలింది.

"సార్, ఒకాయన లోపలే ఉన్నాడు!"

"ఇందాక లేరన్నావు కదమ్మా!"

"ఇప్పుడు ఉన్నాడంటున్నా! పంపండి!"

తర్వాత చాలాసేపు ఫోను మోగలేదు. కింది వాటా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఏం కాదని అనాలి. నాకూ ఒకప్పుడు ఆసుపత్రి వరండాలో ఎవరో అలాగే అన్నారు. ఆ మాట నా నోటికి రాలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

చివరికి ఫోను మోగింది. చెల్లి స్పీకరు పెట్టింది. వెనక గదిలో పడిపోయి ఉన్నాడట. మోసుకొచ్చారు. ఊపిరుంది. ఆసుపత్రికి తీసుకెళుతున్నారు.

ఆవిడ చెల్లిని వాటేసుకుంది. "నీ పుణ్యమే తల్లీ!"

చెల్లి మెల్లగా విడిపించుకుంది. "కాదు వదినా. ముందు ఎవరూ లేరని చెప్పింది నేనే. అందుకే ఇంతసేపు ఎవరూ లోపలికి వెళ్లలేదు."

ఆవిడ చెల్లిని ఎగాదిగా చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరే, పద. ఆసుపత్రికి తోడు రా. తిట్టాల్సినవన్నీ దారిలో తిడతాను."