ఖాలా మందు గడ్డకట్టిన రోజు

నా చిన్నప్పుడు శాలిబండలో మా గల్లీ మొత్తానికి ఒకటే ఫ్రిజ్ ఉండేది. అది పక్కింటి పెద్దామెది, గల్లీ అందరికీ ఖాలా, అంటే పిన్ని. ఆమెకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున వేసుకునే సూదిమందు చల్లగా ఉండాలని కొడుకు ఎక్కడో పాత ఫ్రిజ్ చూసి తెచ్చిపెట్టాడు. పిల్లలం మాకు మాత్రం అది ఐసు పెట్టె. ఎండాకాలం మధ్యాహ్నాలు గిన్నె పట్టుకుని వెళితే, మేమంతా భాభీ అని పిలిచే ఖాలా కోడలు నాలుగు ముక్కలు వేసి పంపేది.

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు, పాలల్లో చక్కెర కలిపి ఐసు చేసుకుందామని తీసుకెళ్లాను. భాభీ గిన్నెను పై అరలో పెట్టి, రేపు పొద్దున రమ్మంది. నాకంత ఓపిక ఎక్కడిది! ఆమె వంటింట్లోకి వెళ్లగానే ఫ్రిజ్ తలుపు తీసి, లోపల చల్లదనం పెంచే గుండ్రటి మీటను చివరిదాకా తిప్పేశాను. సాయంత్రానికి పాలు గట్టిపడ్డాయి. మెట్ల మీద కూర్చుని తిన్నాను. మీట సంగతి మరిచేపోయాను.

తెల్లారేసరికి ఖాలా మందు సీసా రాయిలా అయింది. కరిగాక చూస్తే అడుగున తెల్లటి పలుకులు. మందుల దుకాణం ఆయన ఇక వాడొద్దన్నాడట. చుట్టుపక్కల ఎక్కడా ఆ మందు దొరకలేదు. రెండో రోజుకు ఖాలా నాలుక పిడచకట్టుకుపోయి మంచం దిగలేకపోయింది. నేను గిన్నెతో వెళ్లేసరికి, మీట చివరిదాకా తిరిగి ఉందని కొడుకు భాభీ మీద అరుస్తున్నాడు.

"నువ్వు గాక దాన్ని ఎవరు ముడుతరు?"

"ఖసమ్‌సే, నేను ముట్టలే."

ఆమె ఒట్టేసి ఆ ఒక్కమాటే మళ్లీ మళ్లీ అంటోంది. మీట తిప్పింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. అంత లొల్లిలోనూ ఆమె నన్ను చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నా గిన్నెలో ఐసు వేసింది. నేను తీసుకుని వచ్చేశాను.

మా తాతయ్య ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చిన ఆయన్ని, కరిగితే మళ్లీ నీళ్లే కదా, మందు ఎందుకు చెడిపోవాలి అని అడిగాను. తాతయ్య నా మొహంలోకి కాసేపు చూశాడు. నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. అక్కడ అప్పుడే డబ్బాలోంచి తీసిన నిలువెత్తు ఐసు గడ్డ ముందు నిలబెట్టాడు. అంచులు అద్దంలా ఉన్నాయి. నడుమ మాత్రం తెల్లగా, మసగ్గా ఉంది.

"నీళ్లల్ల వేడి ఉన్నంతసేపు కంటికి కనవడని నీటి నలుసులు నిలువయి బిడ్డా, ఉరుకుతనే ఉంటయి. వేడి గుంజుకుంటే నిమ్మలమై ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి. గట్ల పట్టుకునేటప్పుడు నడుమ ఇంకొకదాన్ని రానియ్యవు. ఉప్పైనా, గాలైనా లోపటికి నూకుతయి. అంచుల కెల్లి గడ్డకట్టుకుంట వస్తది గద, ఆఖరికి అన్నీ నడుమ జమైతయి. గీ తెలుపు గదే. మందు గూడ గట్లనే ఒక్కకాడికి నూకబడి ఉండ కట్టింది. నీళ్లు కరిగినా అది మళ్ల కలువది."

నేను తల వంచుకున్నాను. తాతయ్య గొంతు తగ్గించాడు.

"మీట ఎవరు తిప్పిన్రో నాకెరుక లేదు. తిప్పినోళ్లకు ఎరుకే. నేను గల్లీ మొగదల నిలవడ్త. పోయి చెప్పి రా."

వెళ్లాను. అప్పటికి కొడుకు ఏదో పెద్ద దవాఖానా నుంచి మందు తెచ్చాడు. ఖాలా దిండుకు ఆనుకుని కూర్చుంది. "మీట నేనే తిప్పిన ఖాలా" అన్నాను. తిడుతుందని, కొడుతుందని కాచుకున్నాను. ఆమె మాత్రం కోడలిని పిలిచి, రెండు చేతులతో కోడలి చేతులు పట్టుకుంది.

"మాఫ్ చెయ్యి బేటీ. వాడు నిన్ను అన్ని మాటలంటుంటే నేను సప్పుడు చేయలే."

కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నా తప్పు వల్ల ఆ పెద్దామె మాఫీ అడుగుతుంటే నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. భాభీ నావైపు చూసి మెల్లగా అంది: "ఐసు తీస్కునేటప్పుడన్నా చెప్పి ఉంటే అయిపోతుండె గదా, మున్నీ."

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇంట్లో ఎవరినైనా ఏ తప్పుకైనా నిలదీస్తుంటే, అది నేను చేసిందేమోనని ముందు నన్ను నేను తడుముకుంటాను. మీట తిప్పినందుకు పదేళ్ల పిల్లను ఎప్పుడో క్షమించేశాను, దానికేం తెలుసని. కానీ భాభీ ఏడుస్తూ పెట్టిన ఐసును చేయి చాచి అందుకుని, మాట్లాడకుండా వచ్చేసిన ఆ పిల్లను మాత్రం ఇంతవరకూ క్షమించలేకపోయాను.