వసూలుకెళ్ళిన పనసకాయ

"ఏవండీ, మీరెళ్ళింది బాకీ వసూలుకా, అల్లుడింటికి ఆషాఢం కావిడి మొయ్యడానికా?"

అమలాపురంలో కోర్టు వరండాలో లాయరు ఆంజనేయప్రసాద్ ఈ ప్రశ్న అడిగేనాటికి కొత్తపేట ఎరువుల కొట్టు నారాయణమూర్తి గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"రెండూనండి. ఆయ్."

నారాయణమూర్తి గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఉత్త చేతులతో ఎవరి గడపా తొక్కలేరు. చుట్టరికానికైతే అందరూ ఏదో ఒకటి పట్టుకెళతారు. ఈయన తగువుకీ పట్టుకెళ్ళేవారు. సైకిలు పోయిందని పోలీసులకి చెప్పడానికి అరటిపళ్ళ హస్తంతో వెళితే, ఈయన దొంగ తరఫు మనిషనుకుని అక్కడి హెడ్డు గారు బేరంలోకి దిగాడు. పన్ను పీకించుకోవడానికి జంతికల డబ్బాతో వెళ్ళి, "నాకెలాగూ కుదరదు, మీరు తినండి" అని డాక్టరు చేతిలో పెట్టారు. పక్కింటివాళ్ళు మురుగు నీళ్ళు తమ వైపు తిప్పారని దెబ్బలాడటానికి బయలుదేరి, గోడమీంచి ముందు మునక్కాడలు అందించారు.

"ఇవి పుచ్చుకోండి. ఇప్పుడు మిమ్మల్ని నాలుగు మాటలనాలి."

పుచ్చుకున్నాక వాళ్ళకి కోపం రాలేదు. ఇచ్చాక ఈయనకి మాటలు రాలేదు. ఆ మురుగు ఇప్పటికీ ఇటే పారుతోంది.

కూతురు హేమకి చిన్నప్పుడు ఇదంతా ముద్దుగానే ఉండేది. విడాకులయ్యాక మాత్రం ఒళ్ళు మండేది.

హేమ మొగుడు సురేంద్రది మురమళ్ళ. రోజూ దేవుడికి కల్యాణం జరిగే ఊరది. వీళ్ళ కల్యాణం ఆరేళ్ళకే ముగిసింది. కష్టాలు మనుషుల్ని మెరుగుపరుస్తాయని చెప్పేవాళ్ళున్నారు. వీళ్ళిద్దర్నీ ఏం మెరుగుపరచలేదు. సురేంద్ర కువైట్‌లో క్రేను నడుపుతాడు. కూతురు మనస్వికి నెలకి ఐదు వేలు మనోవర్తి ఇవ్వమంది కోర్టు. "ఆ మనిషికి నా ఎకౌంటు నెంబరు కూడా తెలియడానికి వీల్లేదు" అంది హేమ. "ఆ హేమ పేరు మీద నా చేత్తో పైసా వెయ్యను" అన్నాడు సురేంద్ర. పెద్దమనుషులు కూర్చుని తెలివైన ఏర్పాటొకటి చేశారు. సురేంద్ర మురమళ్ళలో ఉన్న తల్లి వీరాయమ్మకి పంపాలి, ఆవిడ బ్యాంకులో తీసి ఇవ్వాలి, నారాయణమూర్తి గారు వెళ్ళి తెచ్చుకోవాలి. పనిలో పనిగా నాన్నమ్మ పిల్లని చూసుకుంటుంది.

ఇంతమంది చేతులు మారే డబ్బు ఎక్కడో ఒకచోట కూలబడక మానదు. పంపేశానని కొడుకు, పడలేదని తల్లి.

నెలకో ఆదివారం తాతా మనవరాలూ బస్సెక్కేవారు. పనస రోజుల్లో పనసకాయ, మామిడి రోజుల్లో బుట్టెడు కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు, ఏమీ కాయని రోజుల్లో ఆత్రేయపురం పూతరేకులు. ఆ ఆదివారాలు ఇప్పుడు తలుచుకుంటే హేమకి ముందు గుర్తొచ్చేది వీధి వసారా నిండా పరుచుకున్న పనస వాసన. ఆ తరవాతే తన కోపం.

"ఎంతిచ్చేరు నాన్నా?"

"రెండు వేలిచ్చేరమ్మా."

"నువ్వు పట్టుకెళ్ళిందెంత?"

"పనసకాయేముంది, చెట్టుదేగా."

"పూతరేకులు కూడా చెట్టుకే కాసేయా?"

నారాయణమూర్తి గారు కండువా దులుపుకునేవారు.

"అసలు వాళ్ళు ఇప్పుడు మనకేమవుతారు?"

"వియ్యాలవారు."

"విడాకులయ్యేయి నాన్నా."

"మీకయ్యేయి. నేనూ వీరాయమ్మ గారూ ఏ కోర్టులోనూ తీసుకోలేదు కదమ్మా."

చివరికి ఆ రెండు వేలు కూడా రావడం మానేశాయి. ఏడాది తిరిగేసరికి ఆ ఏడాది బాకీయే అరవై వేలయింది. స్కూలువాళ్ళు ఫీజు కోసం మనస్విని బెంచీ ఎక్కించడం ఒక్కటే తరువాయి. హేమ వసూలుకి పిటిషను వేసింది. ఎదుటి పక్షం కౌంటరు వేస్తూ ఒక ఫొటో జతచేసింది. అందులో నారాయణమూర్తి గారు భుజాన పెద్ద పనసకాయతో వీరాయమ్మ గుమ్మం మెట్ల మీద నిలబడి, పెళ్ళికొడుకులా నవ్వుతున్నారు. పిల్లని సాకలేనివాళ్ళు పనసకాయలు పంచిపెడతారా అన్నది వాళ్ళ వాదన.

లాయరు గారి ప్రశ్న అప్పటిది. ఆయన ఇంకా కోప్పడి ఉండేవాడే, ఈలోగా ఎదుటి లాయరు గుమస్తా కజ్జికాయ నములుతూ అటుగా వెళ్ళాడు.

"అదెక్కడిదండీ?"

"నేనే ఇచ్చేనండి. పొద్దుట్నుంచీ ఏం తినలేదంట, పాపం."

"ఇంకోసారి మీరా గుమ్మం ఎక్కితే కేసు నేనొదిలేస్తాను."

"నేనెళ్తాను ఈసారి" అంది పక్కనే ఉన్న హేమ. "మనస్విని కూడా తీసుకెళ్తాను. పిల్ల మొహం చూసైనా సిగ్గుపడతారు."

నారాయణమూర్తి గారు ఎప్పుడూ కూతురికి ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు చెప్పారు.

"నువ్వెళ్ళు. పిల్లనొద్దమ్మా."

హేమ వినలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనస్వికి అప్పుడు ఎనిమిదేళ్ళు. తల్లి సంచీలోకి తొంగి చూసింది.

"మనమేం పట్టుకెళ్తున్నామమ్మా?"

"కోర్టు కాయితాలు."

"నాన్నమ్మ అవి తింటుందా?"

గుమ్మంలో వీరాయమ్మ కనబడగానే పిల్ల చెప్పులు విదిలించి, సొంతింట్లోలాగ దొడ్లో కోళ్ళ దగ్గరకి పరిగెత్తింది. హేమ మెట్టు మీదే నిలబడి, దారంతా సిద్ధం చేసుకున్న మొదటి మాట అందుకోబోయింది. వీరాయమ్మ చెయ్యెత్తింది.

"ఉండమ్మాయ్. పిల్లని కాస్త దూరం వెళ్ళనీ. అలాగని మీ నాన్నగారికి మాటిచ్చేను."

"ఏం మాట?"

"మొదటిసారి ఆయనొచ్చినప్పుడు మొహమ్మీదే తలుపేసేద్దామని లేచేను. తిట్లన్నీ నాలిక మీదే ఉన్నాయి. చూస్తే రెండు చేతుల్తో పనసకాయ. పనసకాయ మోస్తున్న మనిషిని ఎలా తిడతాం చెప్పు? ముందు దింపించాలి. దింపేక మంచినీళ్ళివ్వాలి. మంచినీళ్ళిచ్చేక తిడితే ఏం బాగుంటుంది?"

హేమ కోర్టు కాయితాల సంచీ మెట్టు మీద దింపింది.

"పిల్ల దొడ్లోకెళ్ళేకే నోరిప్పేరు. 'చెల్లెమ్మగారూ, డబ్బులుంటే ఇవ్వండి, లేకపోతే లేవనండి. పిల్ల వినేలాగ మాత్రం ఒక్క మాట అనుకోవద్దు. బాకీ వసూలుకొచ్చిన ఇల్లని దానికి తెలియకూడదు. చేతిలో ఏదో ఒకటుంటే చుట్టాలింటికొచ్చేననే అనుకుంటుంది' అన్నారు. ప్రతిసారీ అంతే."

హేమ నమ్మలేదు. నేరుగా దొడ్లోకి వెళ్ళింది.

"మనూ, తాతయ్య ఇక్కడికెందుకొస్తారే?"

"పనసకాయివ్వడానికి."

"ఇంకా?"

"నాన్నమ్మ ఇచ్చింది పుచ్చుకోడానికి."

"ఏమిస్తుంది?"

"కోడిగుడ్లు."

విడాకులయ్యి అప్పటికి రెండేళ్ళు దాటింది. కోర్టు, కౌంటరు, వాయిదాలు, రెండు ఊళ్ళ పెద్దమనుషులు. వీటన్నిటిలోంచి పిల్ల చెవిన పడింది కోడిగుడ్లు.

హేమ గుండె కరిగి అత్తగారిని కౌగలించుకోలేదు. అలా కరిగే గుండెలైతే విడాకుల దాకా వెళ్ళవు. వసారాలోకి తిరిగొచ్చి పీటమీద కూర్చుని, పిల్లకి వినబడకుండా గుసగుసగా అడిగింది. "మీ అబ్బాయి పన్నెండు నెలలుగా ఎగ్గొట్టేడు. సిగ్గులేదా మీకు?"

"ఉంది. నీకు మాత్రం పొగరు తక్కువా?" అంది వీరాయమ్మ, అంతకన్నా మెల్లగా.

అరగంట సేపు ఇద్దరూ పాతవన్నీ తవ్వుకున్నారు. పెళ్ళిలో భోజనాల దగ్గర జరిగింది, పురుటికి రానిది, సురేంద్ర ఫోనులో అన్నది, హేమ తిరిగి అన్నది, ఏదీ వదల్లేదు. అన్నీ గొంతు దాటని మాటలే. గోదావరి జిల్లాల్లో అంత మర్యాదగా మరో దెబ్బలాట జరిగి ఉండదు. మధ్యలో పిల్ల వచ్చి, "ఏంటమ్మా, రహస్యాలా?" అంటే, "అవునమ్మా" అన్నారిద్దరూ ఒక్కసారే. ఆఖర్న వీరాయమ్మ లోపలికెళ్ళి మూడు వేలు తెచ్చి పెట్టింది. కొడుకు పంపినవి కావు, కొబ్బరి దింపుడువి.

కొత్తపేటలో బస్సు దిగేసరికి నారాయణమూర్తి గారు స్టాండులో నిలబడి ఉన్నారు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నట్టున్నారు.

"అరిచేవామ్మా?"

"లేదు నాన్నా."

"పిల్ల విందా?"

"లేదు."

అప్పుడు గానీ ఆయన డబ్బుల సంగతి అడగలేదు. హేమ చెప్పింది. మూడు వేలని, కోడిగుడ్లు కూడా ఇచ్చారని.

"సంచిలో ఇచ్చేరా, గిన్నెలోనా?"

"గిన్నెలోనే."

ఆయన మొహం వెలిగిపోయింది. "మరింకేం. గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళాలిగా. ఖాళీ గిన్నెలివ్వకూడదు."

లాయరు గారు కేసు వదల్లేదు. బాకీ వాయిదాల మీద కట్టమని కోర్టు చెప్పింది. సురేంద్ర ఈసురోమంటూ కడుతూ, ఆపుతూ, మళ్ళీ కడుతూ వచ్చాడు. హేమ అతనితో ఈనాటికీ మాట్లాడదు. నారాయణమూర్తి గారికి డెబ్భై ఎనిమిది వచ్చాయి. మోకాళ్ళు బస్సెక్కనివ్వడం లేదు. మనస్వి కాకినాడలో డిగ్రీ చదువుతోంది, సెలవులకి మురమళ్ళ తనే వెళ్ళొస్తుంది. మొన్న జూన్‌లో దానికి పద్దెనిమిది నిండాయి, నెలనెలా ఇవ్వాల్సిన మనోవర్తి ఆగిపోయింది. పాత బాకీలో పదిహేడు వేలు ఇంకా రావాలి. మనస్వి మురమళ్ళ బయలుదేరినప్పుడల్లా తాతయ్య మాత్రం దాని చేతిలో ఏదో ఒకటి పెట్టే పంపుతారు.