పాట కాకుండా ఏటొస్తాదో

గిటార్ తీగలు మార్చిన రోజున వేళ్ళకు ఒక వాసన పట్టుకుంటుంది. తుప్పు, చెమట, ఉప్పుగాలి కలిసిన వాసన. సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలదు. సముద్రం పక్కన కాపురం ఉన్నవాళ్ళ ఇంట్లో ఇనుప వస్తువేదీ ఎక్కువకాలం మెరవదు. కిటికీ ఊచలు, తలుపు గొళ్ళేలు, సైకిలు చెయిన్లు ఎలా ఎర్రబారిపోతాయో గిటార్ తీగలూ అంతే. మొన్న ఆదివారం పాత తీగలు విప్పి కొత్తవి బిగించి, అన్నం కలుపుకోబోతూ వేళ్ళు ముక్కు దగ్గరకు వచ్చేసరికి, ఆ వాసనలోంచి వన్‌టౌన్‌లో మా పాత ఇల్లు, దాని మేడమీద వరండా, ఆ వరండాలో నవారు మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న మా చిన్నాన్న కనబడ్డారు.

మాది తగరపువలస దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాన్నకు రేవులో ఉద్యోగం రావడంతో విశాఖపట్నం వచ్చి, ఏడాది తిరక్కుండానే తమ్ముణ్ణి కూడా తెచ్చుకున్నాడు. చిన్నాన్న పగలు ఒక బట్టల షాపులో గుడ్డలు కొలిచి చింపేవాడు, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. ఆ రోజుల్లో పెళ్ళయినా, ఉత్సవమయినా, కార్మికుల సంబరమయినా స్టేజీ కట్టి ఆర్కెస్ట్రా పెట్టించాల్సిందే. పెళ్ళిళ్ళ రోజుల్లో చిన్నాన్న మెరిసే చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె బదులు నీళ్ళు రాసి దువ్వుకుని, గిటార్‌ని వీపుకి తగిలించుకుని సైకిలెక్కి వెళుతుంటే మా వీధి పిల్లలందరం తొక్కుడుబిళ్ళ ఆపి చూసేవాళ్ళం. మర్నాడు ఆయన తెచ్చే పెళ్ళివారి కాగితపు సంచిలో బూందీ, మైసూరుపాకు ముక్క, నలిగిన తమలపాకు ఉండేవి. వాటిని పిన్ని మా అందరికీ తలా కాస్త పెట్టి, సంచి మడిచి పరుపు కింద దాచేది.

నేను గిటార్ పట్టుకున్నది ఒక వేసవి సెలవుల్లో. వడగాలికి కిటికీ తలుపులు వేసేసి, గచ్చు మీద నీళ్ళు చల్లి, పిన్ని ముంజలు ఒలుస్తూ ఉండే మధ్యాహ్నాలు. గిటార్ నా ఒళ్ళో పట్టేది కాదు. మెడ దాకా వచ్చేది. వేలి కొసలు వాచి, బొబ్బలెక్కి, బొబ్బలు ఎండి గట్టిపడ్డాక పాటలు వాయించడం వచ్చింది. రేడియోలో వచ్చిన పాట ఏదయినా సరే వెతుక్కుని వెతుక్కుని పట్టుకునేదాన్ని. ఇంటికొచ్చిన చుట్టాల ముందు వాయించి మెప్పులు పొందేదాన్ని. ఇక నాకంతా వచ్చేసిందనుకున్నాను.

ఒక రోజు చిన్నాన్న మంచం మీద నాకెదురుగా కూర్చుని, "పాటొచ్చింది గదా గుంటా. ఇప్పుడు పాట కాకుండా ఏటొస్తాదో వాయించు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పాట కాకుండా ఏం వాయిస్తారు? స్టేజీ మీద పాట మధ్యలో గాయకుడు మంచినీళ్ళు తాగుతున్నప్పుడు, చిన్నాన్న తన ఇష్టం వచ్చినట్టు అల్లుకుంటూ పోయేదే ఆయన చెప్పేది. ముందు రాసుకోనిది, బట్టీ పట్టనిది, అప్పటికప్పుడు పుట్టేది. దాన్ని ఆయన 'మాటాడ్డం' అనేవాడు. తన దగ్గరున్న పాత గిటార్ మీద తీగలన్నీ ఒకేసారి మోగేలా మూడు పట్లు పట్టి, వాటినే తిప్పి తిప్పి వాయిస్తూ ఉండేవాడు. ఆ చప్పుడు నేలలా పరుచుకుంటే దాని మీద నేను నడవాలి. నా వేళ్ళు స్వరాలు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి పరుగెత్తి ఆగిపోయేవి.

"మెట్లెక్కుతన్నావు, దిగుతన్నావు. ఇంట్లోకి మాత్రం రాడం లేదు," అనేవాడు చిన్నాన్న.

ఆ నిస్సహాయత ఎలాంటిదో చెప్పడం కష్టం. గుండెలో ఏదో ఉంటుంది, చేతికి రాదు. నలుగురిలో నిలబెట్టి మాట్లాడమంటే నాలుక పిడచకట్టుకుపోయినట్టు వేళ్ళు బిగుసుకుపోయేవి. కొన్ని రోజులు ఏడ్చాను కూడా. చిన్నాన్న ఓదార్చేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. ఒక రోజు రెండు తీగలే వాడమన్నాడు. ఇంకో రోజు ముందు నోటితో కూనిరాగం తీసి, తర్వాతే వేళ్ళతో అనమన్నాడు. నేను ఆపకుండా గడగడా వాయిస్తే, "మాటాడినోళ్ళు ఊపిరి తీసుకోరేటి?" అని చెయ్యి పట్టుకుని ఆపేవాడు. పొద్దున్నే వీధిలోకి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ "సేపలో... సేపలూ" అని సాగదీసి అరిచే అరుపుని తీగల మీద పట్టుకోమనేవాడు. ఆవిడ ఒక్కోరోజు ఒక్కోలా అరిచేది. సరుకు బాగా ఉన్న రోజు చివర్లో పైకి లేపేది, లేని రోజు మధ్యలోనే తుంచేసేది. రేవులో ఓడ కూత, పెంకుల మీద వాన, పక్కింటివాళ్ళ పోట్లాట, అన్నీ నాకు పాఠాలే అయ్యాయి.

అలా రెండేళ్ళు పోయాయి. శ్రావణమాసం, ముసురు. కరెంటు పోయింది. పిన్ని కింద వంటింట్లో శనగలు పోపు పెడుతోంది. ఇంగువ వాసన మెట్లెక్కి వరండాలోకి వస్తోంది. చిన్నాన్న ఎప్పటిలాగే ఆ మూడు పట్లూ తిప్పుతున్నాడు. నేనేమీ అనుకోలేదు. చెయ్యి దానంతటది ఒక చిన్న మాట అంది. దానికి జవాబుగా ఇంకోటి అంది. కాసేపు ఆగింది. ఆగినచోటి నుంచే మళ్ళీ ఎత్తుకుంది. వేళ్ళు ఎక్కడికి వెళుతున్నాయో చూసుకోవడం మానేశాను, తడబడతాననే భయం పోయింది. ఎంతసేపు వాయించానో తెలియదు. ఆపేసరికి వాన జల్లుకి నా గౌను అంచు తడిసిపోయి ఉంది.

చిన్నాన్న ముందుకు వంగి, "ఇంకోపాలి వాయించమ్మా. కొంచెం గట్టిగా," అన్నాడు.

మెచ్చుకుంటున్నాడనుకున్నాను. పొంగిపోయి మళ్ళీ వాయించాను. ఆయన తల ఒక పక్కకి తిప్పి, కుడి చెవి నావైపు పెట్టి విన్నాడు. అలా వినడం ఆయనకు అంతకుముందు అలవాటు లేదు.

ఆ తర్వాత చవితి వచ్చింది. మా వీధి మొదట్లో పందిరి వేసి, గన్నేరు కొమ్మలు, రంగు కాగితాలు కట్టారు. మూడో రోజు సాయంత్రం ఆర్కెస్ట్రా. మేం పిల్లలం టార్పాలిన్ పట్టా మీద ముందు వరసలో కూర్చుని ఉండ్రాళ్ళు తింటున్నాం. పాట మధ్యలో చిన్నాన్న వంతు వచ్చింది. మొదటి స్వరానికే నాకు తెలిసిపోయింది, ఒక తీగ జారింది. ఉప్పుగాలికి తీగలు జారడం మామూలే. చిన్నాన్న మామూలుగా అయితే పాట ఆపకుండానే, ఎవరూ గమనించకుండా బిరడా తిప్పి సరిచేసుకునేవాడు. ఆ రోజు తిప్పలేదు. కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, అద్భుతంగా వాయిస్తున్నవాడి ముఖంతో అపస్వరాలు వాయిస్తూ పోయాడు. కీబోర్డు వాయించే ఆయన వంగి, భుజం తట్టి, తీగవైపు వేలు చూపించాడు. వినబడడం లేదంటున్నాడనుకుని చిన్నాన్న చప్పుడు పెంచాడు. వెనక కుర్చీల్లోంచి ఎవరో నవ్వారు, ఆ నవ్వు పాకింది. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు. నా చేతిలో ఉండ్రాయి అలాగే ఉండిపోయింది.

మా నాయనమ్మకు నడివయసుకే చెవుడు వచ్చింది. ఊళ్ళో ఆవిడతో మాట్లాడాలంటే భుజం తట్టి, ఎదుట నిలబడి చెప్పాలి. ఆవిడ తండ్రికీ అంతేనట. అది కాళ్ళనొప్పుల్లాంటి మామూలు విషయంలా ఇంట్లో చెప్పుకునేవారు తప్ప, చిన్నాన్న వయసువాడికి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

సీతమ్మధారలో చెవి డాక్టరు దగ్గరికి నాన్న తీసుకెళ్ళాడు. స్కూలు లేదని నేనూ వెళ్ళాను. అద్దం బిగించిన చిన్న గదిలో చిన్నాన్నని కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా వేలెత్తమన్నారు. బయట నుంచి చూస్తున్నాను. మొదట్లో కొన్నిసార్లు వేలెత్తాడు. తర్వాత ఎత్తలేదు. ఇవతల పరీక్ష చేసే అమ్మాయి మీట నొక్కుతూనే ఉంది. ఆయన మాత్రం బడిపిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందా అని మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

బయటికొచ్చి, "ఆల మిషను పాడయినట్టుంది అన్నియ్యా. సగంలో ఏటీ రానేదు," అన్నాడు నాన్నతో.

 నరం ఎండిపోతోందని, ఇది వంశంలో వచ్చేదని, మందు లేదని డాక్టరు చెప్పింది నాన్న ఇంటికొచ్చాక పిన్నికే చెప్పగలిగాడు. పిన్ని బియ్యంలో రాళ్ళేరుతూ విని, చేట పక్కన పెట్టి, మళ్ళీ దగ్గరకు లాక్కుని ఏరుకుంది.

చెవికి మిషను పెట్టించారు. మాటలకు కొంత పనికొచ్చింది. పాటకు మాత్రం, "అన్నీ వినబడతన్నాయి గాని రేకు డబ్బాలో రాళ్ళేసినట్టుందమ్మా," అని తీసి కిటికీలో పెట్టేసేవాడు. గిటార్ పొట్ట మీద చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుందని ఎవరో చెప్పారు. నేను వాయిస్తుంటే ఆయన అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. "అదురుతాది. అంతే. ఏటంతన్నావో తెల్డం లేదు," అన్నాడు. నేను పట్లు మార్చాను, గట్టిగా వాయించాను, మెల్లగా వాయించాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ, నేను బాధపడకుండా ఉండాలని తల ఊపాడు.

ఆర్కెస్ట్రా వాళ్ళు కబురు చెయ్యడం మానేశారు. అయినా కొన్నాళ్ళు మా సాయంత్రాలు సాగాయి. ఆయన షాపు నుంచి వచ్చేలోగా ఆయన గిటార్‌ని నేను శ్రుతి చేసి ఉంచేదాన్ని. వేళ్ళకు అలవాటే కనక మూడు పట్లూ తప్పు లేకుండా తిరిగేవి. కానీ నేను ఎక్కడ ఆగుతున్నానో, ఎక్కడ ఎత్తుకుంటున్నానో ఆయనకు తెలియదు. నేను ఊపిరి తీసుకునేచోట ఆయన తొందరపడేవాడు, నేను పరుగెత్తేచోట నెమ్మదించేవాడు. నా వాయింపు రోజురోజుకీ తేలికవుతోంది. ఒకప్పుడు గొంతులో అడ్డుపడినవన్నీ వేళ్ళలోంచి జారిపోతున్నాయి. అది వినాల్సిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఒక సాయంత్రం ఆయన వాయించడం ఆపి, గిటార్ మంచానికి ఆనించి, "ఎదటోల మాట ఇనకుండా జవాబు సెప్పకూడదమ్మా. నువ్వు వాయించుకో," అన్నాడు. కోపం లేదు, కన్నీళ్ళూ లేవు. లుంగీ సర్దుకుని కిందికి వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ చోట నాలుగంతస్తుల భవనం ఉంది. కింద మందుల షాపు. మా వీధిలో చేపలావిడ అరుపు లేదు. బండికి కట్టిన స్పీకరులోంచి ఒకే గొంతు రోజూ ఒకేలా అరుస్తుంది. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాలు పోయి డప్పుల మీద డప్పులు పేర్చినట్టు డీజే పెట్టెలు వచ్చాయి. పాట మధ్యలో ఒక మనిషి తనకు తోచింది వాయించడానికి ఆగే తీరిక ఎవరికీ లేదు. ఈమధ్య నాకు ఎడమ చెవిలో సన్నని ఈల మోగుతోంది. పరీక్షకు వెళ్ళాలనుకుంటూనే వెళ్ళలేదు.

చిన్నాన్న, పిన్ని ఇప్పుడు భీమిలిలో, పిన్ని పుట్టింటివాళ్ళ పక్కన ఉంటున్నారు. మొన్న కొత్త తీగలు వేసిన గిటార్‌తోనే వెళ్ళాను. చిన్నాన్నకు ఇప్పుడు ఒక అలవాటు పట్టుకుంది. పేపరు చదువుతూ, కూరగాయలు తరుగుతూ పాడుకుంటాడు. ఒకప్పుడు స్టేజీ మీద వాయించిన పాటలే. మాటలన్నీ ఉంటాయి, రాగం మాత్రం ఏ స్వరం దగ్గరా నిలవదు. పైకి వెళ్ళాల్సినచోట కిందికి పోతుంది. తనకు లోపల సరిగ్గానే వినిపిస్తున్నట్టుంది. వీధిలోవాళ్ళు నవ్వుకుంటారని నా వెంట వచ్చిన మా పిల్లలు అంటే, "మీ తాతకి సెప్పకండి. పాడుకోనీండి," అంది పిన్ని.

హాల్లో కూర్చుని ఆయన పాట మొదలుపెట్టాడు. నేను గిటార్ తీసి ఆయన పాట వెంట వెళ్ళాలని చూశాను. ఎవరు ఏం పాడినా వెంట వెళ్ళగలను, నా బతుకు తెరువే అది. కానీ ఆయన ఒక చోట నిలిస్తే కదా. నేను అందుకునేలోగా జారిపోతున్నాడు, నేను జారేలోగా ఇంకెక్కడికో వెళుతున్నాడు. ఒక వరస అయ్యేసరికి నా చేతులు ఆగిపోయాయి.

చిన్నాన్న చూశాడు. "ఆపీసినావేటి? బాగుంది గదా," అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన పాట ఒక దారిన, నా వాయింపు ఒక దారిన పోతున్నాయి. పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ ఇద్దరివంకా చూసి లోపలికి వెళ్ళిపోయింది. చిన్నాన్న కళ్ళు నా వేళ్ళ మీదే ఉన్నాయి. అవి కదులుతున్నంతసేపూ ఆయన పాడుతూనే ఉన్నాడు.