కుండ దాటి వచ్చిన శ్రీపతి సార్

శ్రీపతి సార్ నోరు విప్పితే మూడు గంటల చరిత్ర. కలం పట్టుకుని తెలుగులో మూడు వాక్యాలు రాయమంటే మాత్రం ముచ్చెమటలు. ఆయన తప్పు కాదు. సుల్తాన్ బజార్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే, బళ్ళోనూ కాలేజీలోనూ ఉర్దూలో చదువుకున్న తరం ఆయనది. లెక్కలు ఉర్దూ, సైన్సు ఉర్దూ, రోము గ్రీసు కూడా ఉర్దూలోనే. తెలుగు పుస్తకం ఇస్తే వేలు పెట్టి కూడబలుక్కుని చదివేవారు.

నాది తణుకు. మావారి సెక్రటేరియట్ ఉద్యోగం వెంట యాభై ఎనిమిదిలో వచ్చి కాచిగూడలో కాపురం పెట్టాను. పేరు శేషారత్నం, కోపం ముక్కు మీదే ఉంటుంది. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఒక మేడ మీద, ప్రైవేటుగా బి.ఏ. కట్టేవాళ్ళ కోసం నడిపే ట్యుటోరియల్‌లో నేను తెలుగు, శ్రీపతి సార్ చరిత్ర. మా గదుల మధ్య చెక్క గోడ. ఇవతల నేను ఛందస్సు చెబుతుంటే అవతల రోము తగలబడుతూ ఉండేది.

అరవై తొమ్మిది గొడవలు సద్దుమణిగాక మా స్టాఫ్ రూమ్‌లో ఒక వింత జరిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గీత గీయలేదు. కిటికీ వైపు బెంచీ మీద ఇక్కడివాళ్ళు, తలుపు వైపు బెంచీ మీద ఆంధ్రావాళ్ళు. మధ్యలో మంచినీళ్ళ కుండ ఒక్కటే అందరిదీ. అది కూడా రెండుంటే బాగుండునని అనుకున్నవాళ్ళు లేకపోలేదు. నేనూ అనుకున్నాను, అబద్ధమెందుకు.

డెబ్భై ఒకటి మార్చిలో మేనేజర్ విద్యాసాగర్ గారు ఒక కబురు చెప్పారు. జూన్ నుంచి చరిత్ర కూడా తెలుగులోనే, పాఠాలన్నీ తెలుగులో రాసి ఇవ్వాలి, ఇవ్వలేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని. శ్రీపతి సార్‌కు యాభై రెండేళ్ళు. ఆ వయసులో కొత్త ఉద్యోగం ఎవరిస్తారు?

మర్నాడు ఆయన కుండ దాటి మా బెంచీ దగ్గరకు వచ్చారు. రెండు బెంచీలూ తలెత్తి చూశాయి.

"టీచరమ్మా, నేను చెప్త. మీరు జర రాస్తరా?"

"రాస్తాను. మీ భాష నాకు అర్థం కావాలిగా?" అన్నాను. పొగరే, ఇంకేమిటి.

"నాకు మీది అర్థమైతలేదా? గట్లనే అయితది" అని నా పక్కనే కూర్చున్నారు.

రోజూ రెండో పీరియడ్ తర్వాత అదే పని. ఆయన ఉర్దూ నోటుబుక్కు మనకు వెనకవైపు అనిపించే చోట తెరిచి, ఒక పేరా లోలోపల చదువుకుని, కళ్ళు మూసుకుని తెలుగులో చెప్పేవారు. నేను దాన్ని పరీక్షల తెలుగులోకి దిద్ది రాసేదాన్ని. అన్నీ సాఫీగానే నడిచాయి, స్పెయిన్ పాఠం వచ్చేదాకా.

"గాడ టొలెడో అని ఒక ఊరు టీచరమ్మా. యహూదీలు, ముసల్మాన్లు, ఇసాయిలు ఒక్క గల్లీల ఉన్నరు."

నేను రాసి వినిపించాను: "టొలెడో నగరమున యూదులు, ముస్లిములు, క్రైస్తవులు పాలునీళ్ళవలె కలసి జీవించిరి."

ఆయన కళ్ళద్దాలు తీసేశారు.

"పాలు నీళ్ళని నేనెప్పుడు చెప్పిన? ఒక్క గల్లీల ఉన్నరన్న. ముసల్మాన్ల రాజ్యంల తక్కిన ఇద్దరు పన్ను కట్టిన్రు. ఇసాయిల రాజ్యం వచ్చినంక యహూదీలు, ముసల్మాన్లు కట్టిన్రు. బట్టల మీద గుర్తు కుట్టించుకోమని హుకుం ఇచ్చిన్రు. కొన్ని ఊళ్ళల్ల హమామ్‌ల తానం చేసెతందుకు దినాలు పంచుకున్నరు, ఇయ్యాల మీరు, రేపు మేము అని. గయినా రాజుకు జరమొస్తె యహూదీ హకీమ్ కావాలె. బజార్ల బేరం అందరిది ఒక్క కాడ్నే. గది రాయుండ్రి."

"పరీక్షలో పిల్లలు ఏం రాయాలి? కలిసి ఉన్నారనా, కొట్టుకున్నారనా?"

"రెండూ రాయాలె. మనం లేమా?" అని కుండ వైపు చూశారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండింది. పాలూ నీళ్ళూ కొట్టేశాను.

ఆ ఊరి గురించే ఇంకో సంగతి చెప్పారు. అరబ్బీలో ఉన్న వైద్య గ్రంథాలు, నక్షత్రాల లెక్కలు అక్కడే లాటిన్‌లోకి వెళ్ళాయట. అరబ్బీ వచ్చినవాడు, చాలాసార్లు యూదుడు, పుస్తకం ముందు పెట్టుకుని బజారు భాషలో చెబితే, పక్కన కూర్చున్న క్రైస్తవుడు విని లాటిన్‌లో రాసేవాడట. చెప్పేవాడికి లాటిన్ రాయడం రాదు, రాసేవాడికి అరబ్బీ రాదు.

"మన లెక్కనే" అని నవ్వారు. నవ్వి, "చెప్పినోని పేరు శానా పుస్తకాలల్ల పోయింది టీచరమ్మా. రాసినోని పేరే నిలిచింది. గది కూడా రాయుండ్రి" అన్నారు. ఆఖరున, పద్నాలుగు వందల తొంభై రెండులో యూదులను దేశం నుంచే వెళ్ళగొట్టిన సంగతి చెప్పారు. ఎన్నో తరాల ఇరుగుపొరుగుకు నాలుగు నెలల గడువట. చెప్పి నోటుబుక్కు మూసేశారు.

ఇంటికొచ్చి సాపు రాసేటప్పుడు ఆ పేరు పోయిన మాట వదిలేశాను. రెండు మార్కుల ప్రశ్నకు కూడా పనికిరాదనిపించింది.

నోట్సు చూసి విద్యాసాగర్ గారు ముచ్చటపడి పుస్తకంగా వేద్దామన్నారు. ఆబిడ్స్‌లో ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. మొదటి పేజీలో 'రచన: శేషారత్నం, ఎం.ఏ.' అని ఉంది. దస్తూరీ నాదే కదా, ప్రెస్సువాళ్ళు అలాగే అనుకున్నారు. విద్యాసాగర్ గారైతే, "జూన్ నుంచి చరిత్ర కూడా మీరే చెప్పెయ్యండమ్మా, రాసింది మీరేగా" అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు.

మావారు అచ్చులో నా పేరు చూసి మురిసిపోయి పాయసం చెయ్యమన్నారు. నా పుస్తకానికి నేనే పాయసం చేసుకుని తిన్నాను. వారం రోజులు దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాను తప్ప నోరు మెదపలేదు. ఇప్పటికీ ఆ వారం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తప్పులు చూడమని ప్రూఫులు శ్రీపతి సార్‌కు కూడా ఇచ్చారు. రెండు రోజులు వేలు పెట్టి చదివి, మూడో రోజు కుండ దాటి వచ్చారు. పేరు గురించి అడుగుతారని నేను జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన మొదటి పేజీ తియ్యనే లేదు.

"నలభై ఒకటో పేజీల ఒక్క మాట తక్కువైంది టీచరమ్మా."

అంతే. ప్రూఫులు నా ఒళ్ళో పెట్టి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, క్లాసుకు వెళ్ళిపోయారు. ఆయన కోప్పడి ఉంటే నేను రెండింతలు కోప్పడి గెలిచేదాన్ని.

ఆ పీరియడ్ ఎగ్గొట్టి ఎండలో ఆబిడ్స్‌కు నడిచాను. నలభై ఒకటో పేజీలో ఆ పేరు పోయిన మాటా, మొదటి పేజీలో సార్ పేరూ చేర్చమంటే ప్రెస్సులో అక్షరాలు కూర్చే దుర్గయ్య తల గోక్కున్నాడు.

"పేజీలు కట్టేసినమమ్మా. ఒక్క లైను పెరిగితె ఎనకవన్నీ జరగాలె."

"జరపండి."

"మొదటి పేజీల రెండు పేర్లకు జాగ లేదు."

"ఎం.ఏ. తీసెయ్యండి."

"గది మీదే గదమ్మా!"

"నాదే కనకనే తియ్యమంటున్నాను."

'చెప్పినవారు: శ్రీపతి, రాసినవారు: శేషారత్నం' అని కూర్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తడి కాగితం పట్టుకుని విద్యాసాగర్ గారి గదిలోకి వెళ్ళాను. "చరిత్రలో నాకు వచ్చింది ఈ పుస్తకమంతే. పిల్లలు ఒక్క ప్రశ్న అడిగితే మళ్ళీ ఆయన్నే పిలవాలి. పాఠం నోటితో చెప్పేదేగానీ దస్తూరీతో కాదు కదండీ" అన్నాను. ఆయన కాగితం పక్కన పెట్టి, "సరే, చరిత్ర ఆయనే చెప్తారు" అన్నారు. నేను మేజా మీద గుద్దినందువల్ల కూడా కావచ్చు.

జూన్‌లో క్లాసులు మొదలయ్యాయి. నేను ఉత్పలమాల చెబుతున్నాను. చెక్క గోడ అవతల ఒకమ్మాయి అడుగుతోంది.

"సార్, ఈ పుస్తకం మీరే రాసిన్రా?"

"నేను చెప్పిన బిడ్డా. టీచరమ్మ కొట్లాడుకుంట రాసింది. పాలు నీళ్ళ లెక్క ఏం లేకుంటిమి. ఒక్క బెంచి మీద కూసున్నం."

నా ఉత్పలమాల మూడో పాదంలో ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటే పిల్లలు నాకు జలుబనుకున్నారు.

ఆ రోజు గంట కొట్టగానే ఈసారి నేనే కుండ దాటి కిటికీ వైపు వెళ్ళాను. ఆ బెంచీ మీద అందరూ నన్ను చూసి బిగుసుకుపోయారు.

"కొంచెం జరగండి" అన్నాను.

శ్రీపతి సార్ జరిగారు.