వైరు లేని స్పీకరు

మా ఇంట్లో రెండు మగ్గాలు ఎదురెదురుగా ఉండేవి. ఒక మగ్గం కింది గుంటలో నేను కాళ్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి, ఇంకో గుంటలో నా భార్య. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం అన్నానికి లేచేదాకా ఒకటే చప్పుడు. అందులో మనిషి మాట మనిషికి వినపడదు. పాట మాత్రం వినపడాలి. పాట లేకపోతే చెయ్యి బరువెక్కుతుంది, చీర ముందుకు జరగదు.

ఆ పాట కోసం మాకు కుండ స్పీకరు ఉండేది. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో మా వీధిలో చాలా ఇళ్లలో అదే. రేడియో మెకానిక్ దగ్గర పెద్ద స్పీకరు ఒకటి తెచ్చి, మట్టికుండ మూతి మీద బోర్లించి బిగిస్తే, డోలు దెబ్బ మన కడుపులోంచి వచ్చినట్టు మోగేది. అసలు గొప్పంతా కుండదే. నేను కుండ కొనడానికి వెళితే వేలితో కొట్టి చూసి ఊరుకునేవాణ్ణి కాదు. మూతి దగ్గర నోరు పెట్టి "ఊఁ" అని రాగం తీసేవాణ్ణి. అందుకే కుండలమ్మే ఆమె నన్ను చూడగానే అడిగేది.

"ఏమప్పా, నీళ్లకా, పాటలకా?"

"పాటలకే."

"అయితే నీళ్ల కుండలు ఎంగిలి చేయాకు. అవతల పక్క ఉండేటివి చూసుకో."

బాధంతా వైరుతోనే. టేప్‌రికార్డరు పోయి సీడీ ప్లేయరు వచ్చినా వైరు మాత్రం పోలేదు. గూట్లో ఉన్న ప్లేయరు నుంచి మూలన ఉన్న కుండ దాకా రెండు మగ్గాల మధ్యగా అది పాకుతూ ఉండేది. నా భార్య లేచినప్పుడల్లా కాలికి తగిలేది. ఒకసారి పిల్లి ఎలుకను తరుముతూ వచ్చి వైరులో చిక్కుకుని, కుండను బరబరా లాగేసింది. కుండ పగిలింది, ఎలుక తప్పించుకుంది, నేను మళ్లీ బజారుకు పోయి కుండల్లో రాగాలు తీశాను.

ఇదంతా తెలిసిన మా బావ రెండువేల తొమ్మిది ఎండాకాలంలో ఒక గురువారం కడప నుంచి బస్సు దిగాడు. ఆయనకు అక్కడ ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్టు ఉంది. మా అక్కను ఆయనకిచ్చి, ఆయన చెల్లెల్ని నాకు చేశారు. అంటే నాకు అక్క మొగుడు, నా భార్యకు సొంత అన్న. ఆయన్ని పొగడాలన్నా తిట్టాలన్నా మా ఇంట్లో ఇద్దరికీ సమాన హక్కు ఉండేది. ఆ రోజు ఆయన చంకలో నల్లగా నిగనిగలాడే పెట్టె ఒకటి ఉంది.

"ఏంది బావా అది?"

"స్పీకరు. వైరు ల్యా. నీ ఫోన్లో ఉండే పాట గాల్లో పోయి దీంట్లో మోగుతాది. కరెంటు పోయినా పాడుతాది. మన జిల్లాలోనే ఇట్లాంటిది వేరే ఎవరి దగ్గరా ల్యా."

నా భార్య పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడెను ఆపి తల ఎత్తింది. "అన్నా, ఎవరి దగ్గరా లేనిది మా దగ్గరికి ఎందుకొచ్చినాది?"

"నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతేమ్మే," అన్నాడు బావ. "నాలుగు దినాలు పెట్టుకోండి. ఆదివారం వస్తా. నచ్చకపోతే తీసుకుపోతా. బలవంతం ల్యా."

ఇంట్లో ఫోను నాదొక్కటే. చీరల ఆర్డర్ల కోసం కొన్నది. మెమరీ కార్డు నిండా పాటలు వేయించుకుని ఉన్నాను గానీ, అందులో బ్లూటూత్ అనేది ఉందని బావ చెప్పేదాకా తెలియదు. ఆయన అదీ ఇదీ నొక్కి, పెట్టె మీద చిన్న నీలం దీపం వెలిగించి వెళ్లిపోయాడు.

మగ్గాలు ఆపి మొదటి పాట పెట్టాం. ఆ పాటను నేను పదేళ్లుగా వింటున్నాను. అందులో వేణువు ఉందని ఆ రోజే తెలిసింది. చరణానికి ముందు గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది.

"పాపం, ఆయప్పకు జలుబు చేసినట్టుండాది," అంది నా భార్య.

నాకు అప్పుడే దాని మీద మనసైపోయింది. పైకి మాత్రం, "చూద్దాంలే, తొందరేముంది," అన్నాను. పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషి దగ్గర ఇలాంటివి దాగవు. "నీ మొగం చూస్తేనే తెలుస్తాండాది," అని తన గుంటలోకి దిగిపోయింది.

మగ్గాలు మొదలుపెట్టేసరికి వేణువు పోయింది, ఊపిరి పోయింది, ఆ తర్వాత గాయకుడే పోయాడు. చప్పుడును తోసుకుని వచ్చే మోత ఆ పెట్టెలో లేదు. శుక్రవారం దాన్ని తెచ్చి నా మోకాలి పక్కనే పెట్టుకున్నాను. అప్పుడు నాకు వినపడింది గానీ ఆమెకు వినపడలేదు. శనివారం ఇద్దరికీ మధ్యలో పెట్టాం. ఆమె ఫోను నడుముకు దోపుకుని కొళాయి దగ్గరికి వెళ్లిందో లేదో, పాట ముక్కలు ముక్కలై ఆగిపోయింది. పాటతో పాటు నా కాలూ ఆగింది.

"నీళ్లకు పోయేటప్పుడు ఫోను పెట్టి పోరాదా?"

"పెడితే ఆర్డరు వస్తే ఎవరు ఎత్తాల? నువ్వు పాటలో ఉంటే పిడుగు పడినా లేస్తావా?"

శనివారం సాయంత్రానికి ఆమె తేల్చేసింది. "కుండే మేలు. మా అన్నకు ఇచ్చి పంపు." నేను బట్ట తీసుకుని ఆ పెట్టెను ఊరికే తుడుస్తూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే బావ వచ్చాడు. నా భార్య బొరుగులతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. మా అమ్మ తలుపు పక్కన తన చోట కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. యాభై ఏళ్లు మగ్గాల మధ్య బతికిన మనిషి, అందుకే చెవులు దాదాపు పోయాయి. దగ్గరికి వెళ్లి గట్టిగా అరిస్తే వినపడేది. ఫోను చెవి దగ్గర పెడితే మాత్రం, "బాగుండారా? పిల్లోల్లు బాగుండారా?" అని రెండు మాటలు తనే అనేసి, జవాబు కోసం చూడకుండా తిరిగి ఇచ్చేసేది.

బావ మొదటి బజ్జీ కొరికాడు. ఫోను మోగింది. పెట్టె కూడా దాంతోపాటే మోగింది. అక్క నంబరు. పచ్చ బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. చెవిలో ఏమీ లేదు. అక్క గొంతు పెట్టెలోంచి ఇల్లంతా నిండింది.

"ఒరేయ్, మీ బావ ఇంకా రాల్యా కదా? విను. ఆ పెట్టె మాత్రం తీసుకోవాకురా. కొట్లో ఎవురూ కొనల్యా. ఆరు నెల్లుగా దుమ్ము పట్టి ఉండాది. దినామూ నేనే తుడుస్తాండా!"

నేను ఫోన్ను అటు తిప్పాను, ఇటు తిప్పాను. అరచేత్తో గట్టిగా మూశాను. మూస్తే ఏమవుతుంది, గొంతు వచ్చేది పెట్టెలోంచి కదా. బావ బజ్జీ నోట్లో పెట్టుకుని నమలడం మానేశాడు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చెప్పినానని ఆయనకు చెప్పాకు. అసలే మాట పడడు..."

అప్పుడు తలుపు దగ్గర రాట్నం ఆగింది.

"ఏమ్మే, దినామూ నువ్వెందుకు తుడుస్తాండావు? నీకు దుమ్ము పడదు కదా!" అంది అమ్మ.

అందరం అమ్మ వైపు తిరిగాం.  పెట్టెలోంచి అక్క మెల్లగా అడిగింది.

"అమ్మా? నీకు ఇనపడతాండాదా?"

"ఎందుకినపడదు? పక్కన కూచోని మాట్లాడినట్టుండాది. దగ్గు తగ్గిందా నీకు?"

మన మాట కూడా ఆ పెట్టెలోంచే అక్కకు పోతోందని అర్థమై, నేను దాన్ని తీసుకెళ్లి అమ్మ ఒడి పక్కన పెట్టాను. ఆ తర్వాత అరగంట ఆ ఇంట్లో మా ముగ్గురితో ఎవరికీ పనిలేదు. పోయిన ఏడు పంపిన ఉసిరికాయ ఊరగాయలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ ఇప్పుడు అడిగింది. సరిపోలేదని అక్క ఇప్పుడు చెప్పింది. ఎదురింటి ఆమె కోడలితో ఎందుకు మాట్లాడడం లేదో, కొత్తగా తెచ్చుకున్న కోడిపెట్ట ఎక్కడెక్కడ గుడ్లు పెడుతోందో, అన్నీ వచ్చాయి. వింటూ ఉంటే నాకు ఒక సంగతి తట్టింది. వినపడని మనిషి దగ్గర మేమంతా అవసరమైనవే అరిచి చెప్పేవాళ్లం. అన్నానికి రా, మాత్ర వేసుకో, వాన వస్తోంది. కోడిపెట్ట సంగతి ఎవరూ అరిచి చెప్పరు. అమ్మ ఎన్నేళ్లుగా అలాంటి కబుర్లు లేకుండా ఉందో నాకు లెక్క తెలియలేదు, సిగ్గు మాత్రం వేసింది.

ఫోను పెట్టేశాక బావ చెయ్యి కడుక్కుని వచ్చి, ఏమీ జరగనట్టు నా వైపు చూశాడు.

"చూస్తివా, ఎంత క్లియర్‌గా ఉండాదో!"

ఇక ఎవరం ఆపుకోలేకపోయాం. ముందు నా భార్య నవ్వింది, తర్వాత నేను, చివరికి బావ. నవ్వులు అయ్యాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అన్నా, ఇది ఈడనే ఉంటాది. కానీ ఆరు నెల్లు దుమ్ము పట్టిన దానికి కొత్త దాని ధర ఎట్లడుగుతావు?"

"నువ్వే చెప్పు, ఏమిస్తావో."

"వదినకు చీర నేసిస్తా. ఆరు నెల్లు తుడిచిన కూలి ఆమెకే రావాల."

బావ, చీర చూపిస్తే ఇంట్లో కొంచెం శాంతంగా ఉంటుందని కాబోలు, ఒప్పుకున్నాడు. ఉల్లిపొర రంగు మీద ముదురాకుపచ్చ అంచు కావాలని అక్క మరుసటి రోజు అదే పెట్టెలోంచి చెప్పింది. నెల తిరక్కుండా నేసి పంపాం. మాకు పాటలకు ఎప్పటిలాగే కుండే మోగింది. నల్ల పెట్టె అమ్మ రాట్నం పక్కన స్థిరపడింది.

ఆ రోజు నుంచి అక్క మాత్రం జాగ్రత్త నేర్చుకుంది. ఫోను ఎత్తగానే మొదటి మాట అదే.

"అమ్మా, ఎవరెవరుండారు ఆడ?"

అమ్మ మా ఇద్దరి వైపూ చూసేది. పోగు తెగిందో ఏమో అన్నట్టు నేను తల వంచుకునేవాణ్ణి. నా భార్య నాడెను చేతిలోనే పట్టుకుని కదలకుండా కూర్చునేది.

"ఎవురూ లేరుమ్మే," అనేది అమ్మ. "చెప్పు, చెప్పు."