డబ్బా మీద రాత

మా పక్కింటి బావ పోయాడన్న కబురు ఫోనులో రాలేదు, దడి అవతలి నుంచి వచ్చింది. మంగళవారం పొద్దున్నే ఆయన భార్య, నేను చెల్లెమ్మ అని పిలిచే మనిషి, మా రెండిళ్ల మధ్యనున్న తాటాకు దడి దగ్గర నిలబడి, "అన్నియ్యా, ఒక్కసారి రా. మీ బావ లెగడం నేదు" అంది. నోట్లో బ్రష్షుతోనే వెళ్లాను. తలగడ పక్కన ఫోను, ఫోను మీద మడిచిన కళ్లద్దాలు, ఎప్పుడూ పెట్టుకునే తీరులోనే ఉన్నాయి. డయాలసిస్‌కి సూదులు గుచ్చే ఆయన ఎడమ చెయ్యి ముట్టుకుంటే లోపల నరం జుమ్మని అదిరేది. ఆ పొద్దున్న ఆ అదురు లేదు. అలా తెలిసింది నాకు.

మన సంఘం పత్రికకు నాలుగు ముక్కలు రాయమని పాస్టరుగారు అడిగారు. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే క్షమించండి. ఏడుస్తూనే మొదలుపెట్టాను గానీ నా దగ్గర ఒక గొప్ప సంతోషం కూడా ఉంది. దాన్ని చెప్పుకోవలసిన మనిషే లేడు. అందుకని మీకు చెప్పుకుంటున్నాను.

ఆదివారం ఆరాధనలో మూడో వరసలో కూర్చునే ఆ బక్కపలచని మనిషి ఏం పని చేసేవాడో మీలో అందరికీ తెలియదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు డబ్బాల మీద రాశాడు. రేకు అచ్చు డబ్బాకి ఆనించి నల్లరంగు కొట్టడం. పప్పు ఏ రకం, ఎంత బరువు, ఏ రోజు నింపారు, అంతే. కానీ రంగు కొట్టే ముందు ఒక డబ్బా మూత తీయించి, గుప్పెడు పలుకులు అరచేతిలో పోసుకుని చూస్తేగాని అచ్చు ముట్టేవాడు కాదట. "నీ పని రాయడమా, సూడ్డమా?" అని మేస్త్రి తిట్టేవాడట. "సూడకుండా రాత్తే అది అబద్ధం రాసినట్టే గదేటి" అనేవాడట మా బావ.

ఉద్దానంలో ఉన్నవాళ్లకి కిడ్నీల గురించి నేను చెప్పేదేముంది. ఆయన్నీ పట్టుకుంది ఆ జబ్బు. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్లడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం. తోడుగా నేను వెళ్లేవాణ్ణి. "నాలుగ్గంటలు పైకప్పు సూసి ఏటి సేత్తాను బావా?" అని ఖాళీగా ఉన్న కుడి చేత్తో ఫోను నేర్చుకున్నాడు. అరవై దాటాక! మేమంతా నవ్వుకున్నాం.

మేం నవ్వుకున్న ఆ ఫోను చదువే మా అమ్మాయికి పనికొచ్చింది. మా అమ్మాయి కవిటి రోడ్డు మీద చిన్న షెడ్డు పెట్టి, ఆరుగురు ఆడవాళ్లతో జీడిపప్పు ఏరించి ప్యాకెట్లు కట్టిస్తుంది. దళారి దయ మీద బతకడం ఇష్టం లేక ఒక వెబ్‌సైట్ కూడా తనే కూర్చుని తయారుచేసుకుంది. నా కూతురని చెప్పడం కాదు, బంగారం! కానీ ఫోనులో పలాస జీడిపప్పు అని వెతికితే, వేరేవాళ్ల అంగళ్లు ఫొటోతో, ధరతో, సరుకుందని చెప్పే మాటతో కళకళలాడుతూ కనబడేవి. మాది ఎక్కడో కింద రెండు నల్ల గీతల్లా. అలాగే ఇంకో ఏడాది గడిస్తే షెడ్డు మూసెయ్యాల్సిందేనని అమ్మాయి నాతో అనలేదు. వాళ్లమ్మతో అంటుంటే విన్నాను.

నేను చెప్పగా బావ విని, రెండు మూడు రోజులు మిషను పక్కన పడుకుని ఏవేవో చదివి, మాకు చెప్పాడు. మనం చూసే పేజీ వెనకాల ఇంకో రాత ఉంటుందట. వెతికి పెట్టే యంత్రం చదువుకోవడానికి సరుకు పేరు, ధర, ఫొటో, ఉందో అయిపోయిందో ఒక పద్ధతిలో రాసిపెట్టాలట. స్ట్రక్చర్డ్ డేటా అంటారట దాన్ని. "డబ్బా ఇప్పి సూడనేనోడి కోసమే డబ్బా మీద రాత. ఇదీ అంతే బావా. నాకు తెలిసిన పనే ఇది" అన్నాడు. ఆయన ముఖం ఆ రోజు వెలిగిపోయింది.

ఆ రాతను పరీక్షించే చోటు ఒకటుంది. మన పేజీ చిరునామా అందులో వేస్తే, బాగుంటే పచ్చ టిక్కు, తప్పుంటే ఎర్ర గుర్తు వస్తుంది. మొదటిసారి వేస్తే ఎర్రగా వచ్చింది. ఫొటో లేదని. మా అమ్మాయి అప్పటికప్పుడు షెడ్డులోనే ఫొటో తీస్తానంది. పళ్లెంలో పోస్తే మెరుపు కొట్టింది, గుడ్డ మీద పోస్తే పప్పు పాలిపోయింది. బావ కుడి చేతిలో ఫోనుంది కాబట్టి ఎడమ చెయ్యి చాపాడు. "ఇందలో పొయ్యే గుంటా. ముప్పై ఏళ్లు పప్పు సూసిన సెయ్యి ఇది" అన్నాడు. పోసింది. మణికట్టు పైన ఉబ్బిన నరం కనబడకుండా అరచేతి వరకే కత్తిరించింది.

ఎర్ర గుర్తు పోయింది. నేను చప్పట్లు కొట్టాను. బావ కొట్టలేదు. పచ్చ టిక్కు కింద ఒక్కొక్క గీతా తెరిచి చదువుతూ ఒక చోట ఆగాడు.

"ఏటమ్మా ఇది? అయిదు నచ్చత్రాలు, నలభై మంది మెచ్చుకున్నారని ఉంది. ఎవులా నలభై మంది?"

అమ్మాయి నాలిక కరుచుకుంది. ఎక్కడో దొరికిన నమూనా చూసి రాసుకుందట, నమూనాలోని ఆ మెప్పు చుక్కలు అలాగే ఉండిపోయాయట. తీసేస్తానంది. వద్దన్నది నేను. ఆ తప్పు నాది, రాయకుండా దాటేస్తే బావ ఒప్పుకోడు.

"ఉండనీ. ఊరూవాడా నా కూతురి పప్పు బాగుందంటన్నారు. అబద్ధమేటి?"

"ఊరన్న మాట ఊరోళ్ల సేత ఆ పేజీలో రాయించు బావా. ఎవులూ రాయకుండా నువ్వే రాసీడమేటి?"

"పచ్చ టిక్కు వచ్చింది గదా!"

"టిక్కు రాత కుదురుగా ఉందని సెప్తాది. నిజమో కాదో సెప్పదు. అది మనం సూసుకోవాల."

"నా కూతురు బాగుపడ్డం నీకిష్టం నేదు" అనేశాను. నోరు జారిందని కూడా చెప్పను. అనాలనే అన్నాను.

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అమ్మాయి నా మాట తీసెయ్యలేక చుక్కలు ఉంచేసింది. మూడు వారాలు నేను ఆయనతో ఆటో ఎక్కలేదు. దడికి ఇవతల నేను, అవతల ఆయన. ఆయన దగ్గు వినబడేది. ఆటో వచ్చే చప్పుడు, ఎక్కే చప్పుడు, పోయే చప్పుడు. తొమ్మిది సార్లు ఒక్కడే వెళ్లొచ్చాడు.

మూడు వారాల తర్వాత ఆ వెతికి పెట్టేవాళ్ల నుంచి అమ్మాయికి నోటీసు వచ్చింది. పేజీలో లేని మెప్పులు వెనక రాతలో ఉన్నాయి గనక ఫొటో, ధర ఉన్న ఆ ముస్తాబు మీకు చూపించం అని. మర్నాడు ఆటో ఆగగానే తల దించుకుని వెళ్లి నిలబడ్డాను. ఇప్పటికి తెలిసిందా అని ఒక్క మాట, చిన్న ఎత్తిపొడుపు, ఏదీ లేదు. పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఎక్కు బావా, బేగి. ఆస్పత్రిలో నరుసమ్మ కేకలేత్తాది."

ఆ రోజు మిషను పక్కన పడుకునే, ఫోనులో అమ్మాయికి ఒక్కొక్క గీతా చదివి చెప్పి సరిచేయించాడు. చుక్కలు తీయించాడు. పెద్ద రకం పప్పు అయిపోయినా వెనక రాతలో ఇంకా ఉందనే ఉంటే, అది కూడా పట్టుకున్నాడు. మళ్లీ పరీక్ష, మళ్లీ పచ్చ టిక్కు. తప్పు దిద్దుకున్నాం, ఇంకోసారి చూడండని అర్జీ పెట్టించాడు.

"ఇంక సూపిత్తారు గదా?" అన్నాను.

"పాసైతే సూపిత్తామని ఎవులూ రాసివ్వనేదు. ఆళ్లిట్టం. మన రాత మనం సరిగ్గా రాసినాం, ఇంక ఎదురు సూడ్డమే." కిటికీ వైపు తిరిగి అన్నాడు, "నాకయితే సూడాలనుంది బావా. ముప్పై ఏళ్లు డబ్బాల మీద రాసినాను. అవి ఏ ఊరెల్లాయో, నా రాత ఎవులు సదివారో ఒక్కసారీ సూడనేదు. ఇది సూత్తాను."

అప్పటి నుంచి ఆటో ఎక్కగానే ఆయన వెతకడం, నేను "కనబడిందేటి?" అనడం, ఆయన తల అడ్డంగా ఊపడం. ఆఖరి ఆదివారం మన ప్రార్థన గుడి మెట్ల మీద కూడా ఊపాడు. మంగళవారానికి లేడు.

ఆయన పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం. అన్నం తింటుంటే అమ్మాయి షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చి ఫోను చూపించింది. పలాస జీడిపప్పు అని వెతికితే మా అంగడి! మా అమ్మాయి పెట్టిన పేరు, ధర, సరుకు ఉంది అనే మాట, పక్కన ఫొటో! దేవుడికి స్తోత్రం, నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఎంగిలి చేత్తోనే లేచి, దడి దగ్గరికి పరుగెత్తి, "బావా! వచ్చీసింది బావా!" అని కేకేశాను.

కేక వేశాకే గుర్తొచ్చింది.

అవతల బావ కూర్చునే కుర్చీ గోడకి ఆనించి ఉంది. దాని మీద ఉతికిన తువ్వాలు ఆరేసి ఉంది. అంత సంతోషం లోపల పెట్టుకుని అంత ఒంటరిగా నేనెప్పుడూ నిలబడలేదు. ఇంట్లో అమ్మాయి నవ్వుతోంది, వాళ్లమ్మ నవ్వుతోంది. నేను ఆ తువ్వాలు చూస్తున్నాను. ఆ మూడు వారాలు చుక్కలు ఉంచమని నేను పంతం పట్టకపోతే ఆయన చూసి ఉండేవాడా? అమ్మాయి, అలా లెక్క ఉండదు నాన్నా అంటుంది. బావ కూడా అదే అనేవాడు. అయినా ఆ ప్రశ్న పోదు.

చెల్లెమ్మ వచ్చింది. చదువు రాదు ఆమెకు. దడి మీద నుంచి ఫోను అందించాను. పేరు చూడలేదు, ధర చూడలేదు. ఆ చిన్న ఫొటో దగ్గర ఆగిపోయింది.

"అన్నియ్యా, ఇది మీ బావ సెయ్యి గదా?"

"అవునమ్మా."

"ఎవులికైనా కనబడతాదా ఇది?"

"ఎవులికైనా. ఎక్కడున్నోళ్లకైనా."

వేలితో ఆ చేతిని ముట్టుకుంది. ముట్టుకోగానే మా అంగడి పేజీ తెరుచుకుని ఫొటో పోయింది, కంగారుపడింది. వెనక్కి నొక్కి మళ్లీ తెచ్చి ఇచ్చాను. ఈసారి ముట్టుకోలేదు. కొంగుతో అద్దం తుడిచి, ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ చిన్న చదరంలో బావ చెయ్యి, ముఖం తెలియని వాళ్లందరి ముందూ, పలుకులు పోసుకుని, ముందు చూసుకోండి అన్నట్టు చాపి ఉంది.