దొర ఇంటి లెక్కలో ఆసాపు

ప్రేమచంద్ తన పేరు ముందు ‘హెచ్’ అని ఒక అక్షరం పెట్టుకునేవాడు. గుంటూరు జిల్లాలో చిన్న బడి. ఆ అక్షరమేమిట్రా అని పంతులు అడిగితే, “హార్పర్ అండీ” అన్నాడు. పంతులు నవ్వాడు. పంతులే నవ్వాక ఇంకేముంది, బడంతా నవ్వింది. ఆ నవ్వు అతన్ని విడవకుండా మస్కట్ దాకా వెంటబడి వచ్చింది. ఈ సంగతి అతని చెల్లెలు లీలాకుమారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

లీలాకుమారి కూడా మస్కట్‌లోనే, బౌషర్ పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త పోయాక హమ్రియాలో ఒంటరిగా ఉండేది. అన్న రూవిలో ఒక కంపెనీకి స్టోర్‌కీపరు. 2008లో అతని కాలేయం పూర్తిగా చెడింది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. “ఊరెళ్ళి ఎవరి గుమ్మంలో పడతావు? నా దగ్గరికి వచ్చెయ్” అని ఆమే రూముకు వెళ్ళి, అతన్నీ అతని ఇనప్పెట్టెనీ టాక్సీలో వేసి తెచ్చుకుంది.

వాళ్ళ తాత పేరు ఆసాపు. ఆసాపు తండ్రి ఎలైజా హార్పర్ అనే అమెరికా దొర, మిషన్ అచ్చుకూటం నడపడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఆ అచ్చుకూటంలో కాగితాలు మడిచి కుట్టే సంతోషమ్మను మిషన్ గుడిలో పెళ్ళాడాడని ఇంట్లో చెప్పుకుంటారు. చూసినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళు రాసే గుడి పుస్తకాన్ని చెదలు తిన్నాయి. చెదలకు మాత్రం దొర పెళ్ళీ కూలివాడి పెళ్ళీ ఒకటే కదా! ఆసాపుకు రెండేళ్ళప్పుడు దొర టికెట్టు పంపిస్తానని చెప్పి ఓడెక్కాడు. ఆ వెనకే, 1876లో, ధాత కరువు వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు రాలిపోతుంటే సంతోషమ్మ కరువు పనిలో రాళ్ళు మోసి, గంజి తాగించి ఆ ఒక్క బిడ్డనూ దక్కించుకుంది. టికెట్టు రాలేదు.

పోయినవాడు ఇంటికి రెండే ఇచ్చి పోయాడు: పిల్లికళ్ళూ, నగుబాటూ. ‘దొర సంతు’ అనే మాట మూడు తరాలు పడ్డారు. ప్రేమచంద్‌కు ఒక సంబంధం కుదిరి, గుడిలో పెళ్ళి వెల్లడి చేసే ఆదివారం కూడా అనుకున్నాక, పిల్ల మేనమామ లేచి, “కుర్రాడికి వంక పెట్టేదేం లేదు. వాళ్ళ తాతకు తండ్రెవరో తేల్చమనండి” అన్నాడు. దాంతో అది చెడింది. ప్రేమచంద్ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. పోనీ పరాయి దేశంలోనైనా ఆ బాధ తప్పిందా? ఒమాన్‌లో ఏ ఆఫీసుకు వెళ్ళినా తండ్రి పేరు, తాత పేరు, ఆపైన తెగ పేరు అడుగుతారు. మొదటి రెండూ గబగబా చెప్పి, మూడో దానికి తల వంచుకునేవాడు.

“అమ్మాయ్, నాకో కోరిక మిగిలింది,” అన్నాడు ఒకరోజు మంచం మీద నుంచి. “ఆ దొర మన తాతను నా కొడుకని ఎక్కడన్నా చెప్పుకున్నాడా? ఒక్కచోటన్నా? అది తెలిస్తే పోతాను.”

“పోయే మాటలెందుకన్నయ్యా?”

“నర్సువి. నాకా చెప్పేది?”

సెలవురోజు శుక్రవారం, గుడిలో ఆరాధన అయ్యాక లీలాకుమారి రూవిలో ఇంటర్నెట్ షాపుకు వెళ్ళడం మొదలుపెట్టింది. షాపు నడిపే జిలానిది కడప. అమెరికావాళ్ళు పాత జనాభా లెక్కలన్నీ కంప్యూటర్లో పెట్టారని చెప్పిందీ అతనే. పెన్సిల్వేనియాలో దొర ఊరి పేరు సంతోషమ్మ చెప్పగా చెప్పగా ఆ ఇంట్లో నిలిచిపోయింది. ఆ ఒక్క ఊరిపేరు పట్టుకుని వెతికారు.

“ఎవురక్కా ఈ తెల్లోల్లు? మీ ఆస్పత్రిలో డాక్టరు తాలూకానా?” అన్నాడు జిలాని.

“మా వాళ్ళే,” అంది లీలాకుమారి. ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదలు. జిలాని ఆమె కళ్ళలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా పక్కన కుర్చీ వేసుకున్నాడు.

మొదట దొరకు తాత అయినవాడు దొరికాడు, పన్ను లెక్కలో. ఎకరాలు ఇన్ని, గుర్రాలు రెండు, ఆవులు మూడు. జీవితమంతా సామాను లెక్కపెట్టిన ప్రేమచంద్‌కు జిలాని ప్రింటు తీసిచ్చిన ఆ కాగితం పండగైపోయింది. “చూడవే, మూడావులంట! ఆ మేనమామ బతికుంటే చూపిద్దును, ఆయనకు గేదె కూడా లేదు” అని పకపకా నవ్వి, ఆ నవ్వుకే ఆయాసం వచ్చి పడుకున్నాడు. మరుసటి ఏడాది పన్నులో ఆవులు రెండే ఉంటే, మూడోది ఏమైందోనని నిజంగా దిగులుపడ్డాడు. ఆ కాలపు జనాభా లెక్కల్లో ఇంటి యజమానికే పేరు. పెళ్ళాం పిల్లలు ఉత్త అంకెలు. తర్వాత్తర్వాత అందరికీ పేర్లు వచ్చాయి. దొర పదకొండేళ్ళ పిల్లవాడిగా, బడికి పోతున్నవాడిగా కనిపించాడు. ప్రేమచంద్ ఆ కాగితాన్ని చాలాసేపు చేత్తో నిమిరాడు. తిట్టుకోవడానికి వెతికిన మనిషి చిన్నపిల్లాడై ఎదురైతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఇక మిగిలింది 1880 లెక్క, అంటే దొర తిరిగి వెళ్ళిపోయాక రాసింది. జిలాని దాన్ని తెర మీద పెద్దది చేసి చూపించాడు. ఎలైజా హార్పర్, అచ్చుపని. భార్య మార్తా. కొడుకు ఆసాపు, రెండేళ్ళు.

“దేవా!” అంది లీలాకుమారి పైకే. రాశాడు! కొడుకని రాశాడు! కళ్ళు తుడుచుకుని వరస చివరిదాకా చదివింది. పిల్లవాడు పుట్టిన చోటు: పెన్సిల్వేనియా. తల్లి పుట్టిన చోటు: పెన్సిల్వేనియా. అప్పటికి వాళ్ళ ఆసాపుకు ఆరేళ్ళు, గుంటూరు జిల్లాలో మేకలు కాస్తున్నాడు.

బతికున్న బిడ్డ పేరు ఇంకో బిడ్డకు ఎవరైనా పెడతారా? పోయినవాళ్ళ పేరే పెడతారు. అది ఎవరో చెబితే తెలుసుకోవాల్సిన సంగతి కాదు ఆమెకు. ఆమె కంటే ముందు పుట్టి, పొంగు జ్వరంతో పోయిన అక్క పేరు లీలాకుమారి. తర్వాత పుట్టిన ఈమెకు తల్లి అదే పేరు పెట్టుకుంది. అంటే దొర లెక్కలో మా తాత చచ్చిపోయాడు, అనుకుంది.

నెమ్మదిగా చెబుదామనే ఇంటికి వెళ్ళింది. కానీ అన్న కాగితం లాక్కుని ‘ఆసాపు’ అన్న చోట వేలు పెట్టి, “రెండేళ్ళంట! వదిలి పోయేటప్పుడు రెండేళ్ళే కదే! పిచ్చిమారాజు, కళ్ళలో ఉన్న వయసే రాయించాడు” అన్నాడు. మన ఊళ్ళల్లో వయసులు అలాగే చెబుతారు మరి, కాగితం కోసం కాక జ్ఞాపకం కోసం. లీలాకుమారి “అవునన్నయ్యా” అంది.

చూడవచ్చిన ప్రతివాళ్ళకూ అతను ఆ కాగితం చూపించాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళబోతే ఆపి మరీ చూపించాడు. ఆమె వంటింట్లో నిలబడి వింటూ కొంగు నోట్లో కుక్కుకునేది. చావుల మధ్య బతికిన నర్సు అయినా ఆ సంతోషాన్ని చూడలేకపోయింది.

తర్వాత జబ్బు కళ్ళకెక్కి, చూపు మసకబారింది. ఒక సాయంత్రం, “ఆ వరస మొత్తం చదువమ్మాయ్, చివరిదాకా” అన్నాడు. ఆమె వయసు దాకా చదివి ఆగింది.

“పుట్టిన చోటు?”

“ఇండియా అని ఉందన్నయ్యా.”

“నువ్వు అబద్ధమాడితే నీ గొంతు అమ్మ గొంతు లాగుంటది,” అన్నాడు. “నేను స్టోర్‌కీపర్నే. వరస చివరిదాకా చూడకుండా సంతకం పెడతానా? మొదటిరోజే చూశా.”

“మరెందుకన్నయ్యా, అందరికీ…”

“నాలుగు రోజులు మనుషుల్లో తలెత్తుకుందామని.”

లీలాకుమారి అతని పాదాల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అతను గాలిలో తడుముకుని ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“నీకు అక్క పేరు పెట్టిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు, నాకు గుర్తుంది. నిన్ను పిలిచినప్పుడల్లా రెండుసార్లు పిలిచేది, ఇద్దర్నీ పిలిచినట్టు. ఆ కరువులో మనోళ్ళు పోయారనుకున్నాడేమో ఆయన. అనుకుని ఏడ్చే పెట్టాడేమో ఆ పేరు. కనుక్కోలేదేమో కూడా. ఏడ్చాడో లేదో ఏ జనాభా లెక్కలో రాస్తారే?”

ఇంకొక్క లెక్క చూడమన్నాడు. 1900లో దొర ముసలివాడయ్యాక రాసింది. లీలాకుమారి వెళ్ళి చూసింది. ఆ ఏడు లెక్కరాసేవాళ్ళు ఒక కొత్త సంగతి అడిగారు: ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు? ఆడవాళ్ళనే అడిగారు. మార్తా ఐదుగురని, నలుగురున్నారని చెప్పింది. దొర పేరు ఎదుట ఆ గడి ఖాళీ. మగవాణ్ణి అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇది విని ప్రేమచంద్, “సంతోషమ్మనడిగి ఉంటే?” అన్నాడు.

“ఒకడు. ఆ ఒకడూ ఉన్నాడు.”

“అంతే,” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ హార్పర్ మాట ఎత్తలేదు. దొరతో పాటు మూడావులనూ మర్చిపోయాడు. ఆ వారంలోనే ఆమె డ్యూటీకి తయారవుతుండగా పోయాడు. ఆమె నాడి పట్టుకుని, నర్సుగా చూడాల్సినవన్నీ చూసి, ఆ తర్వాతే చెల్లెలై అరిచింది.

మస్కట్‌లోనే సమాధి చేద్దామనుకున్నారు. కాగితాల కోసం ఆఫీసుకు జిలాని తోడు వెళ్ళాడు. బల్ల వెనక తెల్ల దిష్‌దాషా అంగీలో ఒక పెద్దాయన. మెత్తటి మనిషి, హిందీ బాగానే వచ్చు. “అల్లా సబర్ దే, సిస్టర్” అని ఓదార్చి కలం తీశాడు. “బాప్ కా నామ్?”

“జ్ఞానరత్నం.”

“దాదా?”

“ఆసాపు.”

“ఔర్ కబీలా? దాదా కిస్ కా బేటా?” తెగ ఏమిటి, తాత ఎవరి కొడుకు అని.

జిలాని ఆమె వంక చూశాడు. దొర పేరు అతనికి తెలుసు, ఆ పేరు తానే వెతికి పెట్టాడు. చెబుదామని నోరు కూడా తెరిచాడు. లీలాకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

“సంతోషమ్మ,” అంది.

ఆడమనిషి పేరని పెద్దాయన కలం ఆపాడు. “యే తో ఔరత్ కా నామ్ హై, సిస్టర్.”

“హాఁ,” అంది లీలాకుమారి. “లిఖియే. సంతోషమ్మ కా బేటా.”